మందు రాసే ముందు

కెనడాలోని ఒంటారియో ప్రావిన్స్‌లో 2023 జనవరి 1 నుంచి ఫార్మసిస్టులు చిన్న జబ్బులకు సొంతంగా ప్రిస్క్రిప్షన్ రాస్తున్నారు. మొదట 13 జబ్బులకు అనుమతి వచ్చింది. అదే ఏడాది అక్టోబరు 1న ఇంకో ఆరు కలిశాయి. కళ్లకలక, మొలలు, నోటిపూత, ఛాతీలో మంట, బెణుకులు, దద్దుర్లు, నెలసరి నొప్పి, ఆడవాళ్లకు మూత్రంలో మంట, వేవిళ్లు, మొటిమలు, నులిపురుగులు లాంటివన్నీ అందులో ఉన్నాయి. ఇక్కడ కుటుంబ డాక్టరు లేనివాళ్ల సంఖ్య 20 లక్షలు దాటింది. అలాంటివాళ్లకు మా కౌంటరే మొదటి గుమ్మం అయింది.

నేను వరంగల్‌లో కాకతీయ యూనివర్సిటీలో బి.ఫార్మసీ చదివి, పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చి, మళ్లీ పరీక్షలన్నీ రాసి, టొరంటో చుట్టుపక్కల ఫార్మసీల్లో పనిచేస్తూ వచ్చాను. ఇప్పుడు వారంలో కొన్ని రోజులే వెళ్తున్నాను. మన తెలుగు పిల్లలు చాలామంది ఈ దారినే వస్తున్నారు. లైసెన్సు చేతికి రాగానే అందరూ అడిగేది ఒక్కటే. “ఆంటీ, మైనర్ ఎయిల్‌మెంట్స్‌కి ఏ ట్రైనింగ్ చేయాలి?” రెండు ముక్కల్లో జవాబు చెప్పొచ్చు. ఆ రెండు ముక్కలూ విని మొహం వెలిగి వెళ్లిపోయేవాళ్లను చూసినప్పుడు నా మనసు కుదుటపడదు. అందుకని మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

1. తప్పనిసరి అన్నది తక్కువ. మీ మీద పడే బరువు ఎక్కువ.

మన వృత్తిని నడిపించే సంస్థ ఒంటారియో కాలేజ్ ఆఫ్ ఫార్మసిస్ట్స్. కాలేజీ అని నేను అనేది దీన్నే. పార్ట్ ఎ రిజిస్టర్‌లో, అంటే రోగులకు నేరుగా సేవలందించేవాళ్ల జాబితాలో, ఉన్న ప్రతి ఫార్మసిస్టూ 2024 జనవరి 1లోపు ఒక ఓరియెంటేషన్ మాడ్యూల్ పూర్తి చేయాలని అది ఆదేశించింది. మందు రాసినా రాయకపోయినా అందరూ చేయాల్సిందే. అందులో ఉండేది నియమాలు. చట్టం ఏ జబ్బుకు ఏ వర్గం మందులు ఒప్పుకుంటుంది, రోగి సమ్మతి ఎలా తీసుకోవాలి, రికార్డులో ఏం రాయాలి, కుటుంబ డాక్టరుకు ఎలా తెలియజేయాలి, ఇలాంటివి. ఒక్కో జబ్బుకూ ఒక్కో కోర్సు చేసి తీరాలన్న షరతు లేదు. ఫలానా జబ్బు చూడడానికి మీకు చాలినంత తెలివి, నైపుణ్యం, విచక్షణ ఉన్నాయో లేదో మీరే తేల్చుకోవాలి.

మిగతాచోట్ల ఇలా లేదు. కెనడాలో ఫార్మసిస్టులకు 2007లోనే మందు రాసే అధికారం ఇచ్చిన మొదటి ప్రావిన్స్ ఆల్బర్టా. అక్కడ అదనపు ప్రిస్క్రైబింగ్ అధికారం కావాలంటే తాము స్వయంగా చూసిన రోగుల కేసులు రాసి పంపాలి, తోటి ఫార్మసిస్టులు వాటిని చదివి తూకం వేస్తారు. బ్రిటన్‌లో ఇండిపెండెంట్ ప్రిస్క్రైబర్ కోర్సు చేసేవాళ్లు 90 గంటలు ఒక అనుభవజ్ఞుడి పర్యవేక్షణలో రోగులను చూడాలి. 2026 నుంచి అక్కడ కొత్తగా రిజిస్టరయ్యేవాళ్లు తొలి రోజే మందు రాసే అర్హతతో బయటికొస్తారు, ఎందుకంటే ఆ సాధన అంతా చదువులోనే కలిపేశారు. ఇంగ్లండ్‌లో 2024 జనవరి 31న మొదలైన ఫార్మసీ ఫస్ట్ పథకంలో ఉన్నవి ఏడే జబ్బులు. అందులో చెవిపోటు ఒకటి కాబట్టి ఆ సేవ అందించేవాళ్లు చెవిలోకి చూసే ఆటోస్కోప్ వాడడం నేర్చుకోవాలి.

ఒంటారియో మనల్ని నమ్మింది. ఆ నమ్మకాన్ని నేను గౌరవిస్తాను. కానీ మాడ్యూల్ సర్టిఫికెట్ చేతికొచ్చిందంటే మీకు నియమాలు తెలుసని అర్థం. పసిబిడ్డ మూతి దగ్గరి పుండు ఇంపెటిగోనో, హెర్పిస్ పొక్కో చూసి చెప్పగలరని ఆ కాగితం చెప్పదు.

2. చెయ్యి షెల్ఫు వైపు వెళ్లకముందే నోరు ప్రశ్న అడగాలి.

మన ఊళ్లలో మెడికల్ షాపు ఎలా నడుస్తుందో మీకు తెలుసు. “కడుపునొప్పి, రెండు బిళ్లలు ఇవ్వన్నా” అంటారు, షాపతను స్ట్రిప్పు కత్తిరించి ఇస్తాడు. చట్టప్రకారం షెడ్యూల్ హెచ్ మందులకు డాక్టరు చీటీ ఉండాలి. మందు రాసే అధికారం ఫార్మసిస్టుకు అక్కడ లేనే లేదు. అయినా రోజూ జరిగేది అందరికీ తెలిసిందే. ఆ షాపుల్లో సెలవులకు కూర్చుని, అవే చూస్తూ పెరిగినవాళ్లం మనం. లక్షణం చెవిన పడగానే మందు పేరు మనసులోకి వచ్చేస్తుంది. ఇక్కడి లైసెన్సు పరీక్షలు కూడా ఆ వేగాన్ని పెంచుతాయే తప్ప తగ్గించవు.

నా దగ్గర శిక్షణకు వచ్చే ఇంటర్న్‌లకు మొదటి వారం ఒకటే నియమం పెడతాను. రోగితో కూర్చున్న మొదటి ఐదు నిమిషాలు ఏ మందు పేరూ పలకకూడదు. ఎప్పటి నుంచి, ఎలా మొదలైంది, ఇంతకుముందు వచ్చిందా, ఇప్పటికే ఏం వాడారు, ఇంకా ఏ మందులు వేసుకుంటున్నారు, ఏది పడదు, గర్భం ఉందా, పాలిస్తున్నారా. ఇవన్నీ అడిగి, విన్నది తిరిగి చెప్పి సరేనా అని అడగాలి. బాగా చదువుకున్నవాళ్లకే ఇది ఎక్కువ కష్టమవుతుంది. రెండో నిమిషానికే జవాబు తెలిసిపోయినట్టు అనిపిస్తుంది వాళ్లకు.

3. ఒక్కో జబ్బునూ ఒక్కో పరీక్షగా చదవండి.

పందొమ్మిదీ ఒక్కసారి మొదలుపెట్టకండి. ఒకటి తీసుకోండి, దాన్ని అడుగుదాకా చదవండి. కాలేజీ ఇచ్చిన అల్గారిథమ్‌లు, సస్కాచెవాన్ యూనివర్సిటీవాళ్ల మెడ్‌సాస్క్ మార్గదర్శకాలు, వాటర్లూ యూనివర్సిటీవాళ్ల ఫార్మసీ ఫైవ్ ఇన్ ఫైవ్ పాఠాలు ఉన్నాయి. సస్కాచెవాన్ ఈ పని 2012లోనే మొదలుపెట్టింది కాబట్టి వాళ్ల కాగితాల్లో అనుభవం కనిపిస్తుంది.

మూత్రంలో మంటనే తీసుకుందాం. అందరూ తేలిక అనుకునేది అదే. నైట్రోఫ్యురాంటోయిన్ 100 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, ఐదు రోజులు. ఇది బట్టీపట్టడానికి ఒక్క నిమిషం చాలు. దాని వెనక ఎంత ఉందో చూడండి. జ్వరం, చలి, నడుం పక్కన నొప్పి, వాంతులు ఉంటే ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా వెళ్లి ఉండొచ్చు, మీరు రాయకూడదు. గర్భవతి అయితే డాక్టరు దగ్గరికి పంపాలి. మగవాళ్లయితే పంపాలి. ఆరు నెలల్లో రెండుసార్లు వచ్చిందంటే అది మాటిమాటికీ వచ్చే రకం, కారణం వెతకాలి. కిడ్నీ పనితీరు బాగా తగ్గినవాళ్లకు నైట్రోఫ్యురాంటోయిన్ పనికిరాదు, పైగా హాని. సల్ఫా మందు రాద్దామంటే అలర్జీ ఉందేమో చూడాలి, వార్ఫరిన్ వాడుతున్నారేమో చూడాలి. రామిప్రిల్ లాంటి బీపీ మందు వేసుకునేవాళ్లకు అది పొటాషియం పెంచేస్తుంది.

మన ఆడవాళ్ల విషయంలో ఇంకో సంగతి. చాలామందికి షుగరు. ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులు చక్కెరను మూత్రంలోకి తోసేస్తాయి, దాంతో జననాంగాల దగ్గర ఫంగస్ ఇన్ఫెక్షన్లు ఎక్కువ వస్తాయి. “మంటగా ఉందమ్మా” అంటే అది మూత్రనాళంలో మంట కాకపోవచ్చు. దురద ఉందా, తెల్లబట్ట అవుతోందా అని అడగకుండా యాంటీబయాటిక్ రాస్తే ఫంగస్‌ను ఇంకా పెంచినవాళ్లవుతారు.

ఇంకొకరు వస్తారు, “అమ్మకు మూత్రం వాసన వస్తోంది, ఊళ్లో అయితే సిప్రో ఇచ్చేవాళ్లు” అంటారు. అమ్మకు మంట లేదు, మాటిమాటికీ వెళ్లాల్సి రావడం లేదు, నొప్పి లేదు. పెద్ద వయసులో మూత్రంలో బ్యాక్టీరియా ఉండడం మామూలే, లక్షణాలు లేకపోతే చికిత్స అక్కర్లేదు. సిప్రోఫ్లోక్సాసిన్ అయితే ఇలాంటి మామూలు ఇన్ఫెక్షన్‌కు మొదట ముట్టుకోవాల్సిన మందే కాదు. ఇవన్నీ ఆ వచ్చినవాళ్లకు ఓపిగ్గా చెప్పి, నీళ్లు తాగించమని, ఏ లక్షణాలు వస్తే తీసుకురావాలో చెప్పి పంపాలి. అలా చెప్పి పంపడానికి ఎంత చదివి ఉండాలో గమనించండి.

ఒక్క జబ్బుకే ఇంత ఉంది. అందుకే నెలకు ఒకటి రెండు చొప్పున నేర్చుకోమంటాను. ఇంకా చదవని జబ్బుతో రోగి వస్తే, “ఇది నేను ఇంకా చూడడం లేదు, పక్క ఫార్మసీలో చూస్తారు” అని చెప్పడంలో చిన్నతనమేమీ లేదు. చట్టం మీకు ఇచ్చింది అనుమతి. రాసి తీరాలని ఎవరూ అనలేదు.

4. “గ్యాస్” అంటే నమ్మకండి.

మన తెలుగువాళ్లకు ఛాతీలో ఏ ఇబ్బంది వచ్చినా గ్యాసే. ఛాతీ మంట, పులితేన్పులు ఒంటారియో జాబితాలో ఉన్నాయి కాబట్టి ఇప్పుడు వాళ్లు నేరుగా మన దగ్గరికే వస్తారు. దక్షిణాసియా వాళ్లకు గుండెజబ్బు మిగతావాళ్లకంటే చిన్న వయసులోనే వస్తుందన్నది తెలిసిన సంగతి. ఈ రెండూ ఒకచోట కలిసినప్పుడు మన కౌంటర్ దగ్గర జరిగే పొరపాటు ప్రాణం తీస్తుంది.

ఒకరోజు మధ్యవయసు ఆయన ఒకరు వచ్చారు. “అమ్మా, ఊళ్లో పాన్-డి వేసుకునేవాణ్ణి, అలాంటిది ఏదైనా రాయండి” అన్నారు. పొద్దున నుంచి ఛాతీ పట్టేసినట్టు ఉందట. మెట్లెక్కితే ఎక్కువవుతోందా అని అడిగాను, అవునన్నారు. ఎడమ దవడ లాగుతోందా అంటే, పన్ను నొప్పేమో అన్నారు. నుదుటి మీద చెమట ఉంది, బయట చలికాలం. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి 911కి ఫోన్ చేశాను. ఆస్పిరిన్ పడదా, రక్తస్రావం ఏమైనా ఉందా అని ఫోన్‌లో వాళ్లే అడిగి, నమలమని చెప్పారు.

ఈ ప్రశ్నల వరస నాకు ఏ మాడ్యూల్‌లోనూ దొరకలేదు. మా ఫార్మసీ పక్కన వాకిన్ క్లినిక్ ఉండేది. అక్కడి డాక్టరమ్మ దగ్గర అనుమతి అడిగి, రోగులు ఒప్పుకున్నప్పుడు, నా సెలవు రోజుల్లో ఒక మూల కూర్చుని ఆమె ఎలా అడుగుతుందో విన్నాను. ఛాతీ మంట అన్న ప్రతి ఒక్కరినీ ఆమె ముందు గుండె వైపు నుంచి అడిగేది, ఆ తరవాతే పొట్ట వైపు వచ్చేది. మింగడం కష్టమా, బరువు తగ్గారా, మలం నల్లగా వస్తోందా, వాంతిలో రక్తమా అని. వీటిలో ఏ ఒక్కటి అవునన్నా అది చిన్న జబ్బు కాదు. మీరూ అలా ఎవరినైనా అడిగి కూర్చోండి. చాలామంది ఒప్పుకుంటారు.

5. మన చర్మం పుస్తకాల్లో లేదు.

ఎగ్జిమా, కాంటాక్ట్ డెర్మటైటిస్, ఇంపెటిగో, దద్దుర్లు, మొటిమలు అన్నీ చూసి గుర్తుపట్టాల్సిన జబ్బులు. శిక్షణ పాఠాల్లో ఎక్కువ బొమ్మలు తెల్లచర్మం మీదివే. “ఎర్రటి మచ్చ” అని రాసి ఉంటుంది. చామనఛాయ, నల్లని చర్మం మీద అదే వాపు ఊదారంగులోనో, బూడిదరంగులోనో, ముదురు గోధుమరంగులోనో కనిపిస్తుంది. జబ్బు తగ్గాక కూడా నల్లమచ్చ నెలల తరబడి ఉండిపోతుంది, దాన్ని చూసి ఇంకా తగ్గలేదని స్టెరాయిడ్ క్రీము పొడిగించేవాళ్లు ఉన్నారు. లండన్‌లో వైద్య విద్యార్థిగా ఉండగానే మలోన్ ముకువెండే ఈ లోటు చూసి, తన అధ్యాపకులతో కలిసి 2020లో ‘మైండ్ ద గ్యాప్’ అని నల్ల, గోధుమరంగు చర్మం మీద జబ్బు గుర్తులు చూపే చేతిపుస్తకం తెచ్చాడు. అది చూడండి. రంగు మీద ఆధారపడకండి. వేడిగా ఉందా, గరుకుగా ఉందా, ఉబ్బిందా అని అడిగి, రోగి ఒప్పుకుంటే తాకి చూడండి.

ఇండియా నుంచి సూట్‌కేసులో వచ్చే క్రీముల సంగతి వేరే చెప్పాలి. ఒకే ట్యూబులో స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు కలిపినవి మన దగ్గర ఇల్లిల్లూ ఉంటాయి. తామర మీద అది రాస్తే దురద ఆగుతుంది, అంచు మాసిపోతుంది, ఫంగస్ మాత్రం లోపల పాకుతూనే ఉంటుంది. అలాంటి మచ్చ మీ ముందుకు ఎగ్జిమాలా వస్తుంది. 2023 నాటి పందొమ్మిదిలో తామర లేదు, ఎగ్జిమా ఉంది. కాబట్టి ప్రతి చర్మం కేసులో “ఊరి నుంచి తెచ్చుకున్న క్రీము ఏదైనా రాశారా?” అని అడగండి. మామూలుగా అడిగితే లేదనే అంటారు. క్రీమును వాళ్లు మందుగా లెక్కపెట్టరు. ట్యూబు రంగు గుర్తు చేసి అడగాలి.

6. పిడుదు కుట్టినవాళ్లు వస్తే గడియారం చూడండి.

మనకు పిడుదు అంటే గేదె ఒంటి మీద ఉండేది. ఇక్కడ టొరంటోలోని రూజ్ లోయలో నడకకు వెళ్లొచ్చిన విద్యార్థి మోకాలి వెనక కనిపిస్తుంది. లైమ్ జబ్బు రాకుండా ముందుజాగ్రత్తగా డాక్సీసైక్లిన్ 200 మిల్లీగ్రాములు ఒక్కసారి ఇవ్వొచ్చు. ఇచ్చేముందు చూడాల్సినవి: అది నల్లకాళ్ల పిడుదేనా, లైమ్ ఉన్న ప్రాంతంలోనే పట్టుకుందా, కనీసం ఒక రోజు ఒంటికి అంటిపెట్టుకుని ఉందా, తీసేసి 72 గంటలు దాటలేదా. పిడుదును పారేయకుండా డబ్బాలో పెట్టి తెమ్మనండి. రక్తం తాగి ఉబ్బి ఉంటే ఎంతసేపు పట్టుకుందో కొంత అంచనా దొరుకుతుంది. ఫొటో తీసి ఈటిక్ అనే వెబ్‌సైట్‌కు పంపితే నిపుణులు రకం చెబుతారు. అప్పటికే చర్మం మీద పెరుగుతున్న ఎర్రటి వలయం ఉంటే అది ముందుజాగ్రత్త దాటిపోయిన కేసు, డాక్టరు దగ్గరికి పంపాలి. కిరోసిన్ పోసో, నిప్పు చూపించో తీయొద్దని, సన్నటి ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలని చెప్పండి.

7. గది తలుపు మూయండి, కొడుకును బయట కూర్చోబెట్టండి.

తల్లిదండ్రులకు ఇచ్చే సూపర్ వీసా మీద వచ్చిన అమ్మలు, అత్తలు ఎప్పుడూ ఎవరో ఒకరిని వెంటబెట్టుకుని వస్తారు. ఇంగ్లీషు రాదని కొడుకు మాట్లాడతాడు. కొడుకు ముందు ఏ తల్లీ మొలల సంగతి, తెల్లబట్ట సంగతి చెప్పదు. “అమ్మతో రెండు నిమిషాలు తెలుగులో మాట్లాడతాను బాబూ, మీరు బయట కూర్చోండి” అంటే వాళ్లు నొచ్చుకోరు, తేలికపడతారు. తలుపు మూశాక ఆమె మొదటి మాట చాలాసార్లు వేరే జబ్బు గురించి ఉంటుంది.

కొత్త కోడళ్లు వేవిళ్లతో వస్తారు. డాక్సిలమిన్, పైరిడాక్సిన్ కలిసిన మందు రాయొచ్చు. కానీ నీళ్లు కూడా ఇముడుతున్నాయా, మూత్రం వస్తోందా, బరువు ఎంత తగ్గింది అన్నవి ముందు తెలియాలి. ఇంట్లో తిండి ఎవరు వండుతున్నారు, పనికి వెళ్తోందా, భయంగా ఉందా అని కూడా అడుగుతాను. ఇది ఏ అల్గారిథమ్‌లోనూ గడి కట్టి ఉండదు. అత్తగారి ముందు ఈ ప్రశ్నలకు జవాబు రాదు.

మీకు తెలుగు తెలియడం ఇక్కడ వైద్యపరమైన సామర్థ్యం. దాన్ని శిక్షణలో భాగంగానే చూడండి.

8. రాసినా రాయకపోయినా ప్రభుత్వం ఇచ్చేది ఒకటే.

ఒంటారియో ఆరోగ్య కార్డు ఉన్నవాళ్లను చూసినందుకు ప్రభుత్వం ఫార్మసీకి ముఖాముఖి అయితే 19 డాలర్లు, ఫోన్‌లోనో వీడియోలోనో అయితే 15 డాలర్లు ఇస్తుంది. ప్రిస్క్రిప్షన్ రాసినా ఇంతే, ఏమీ రాయకుండా సలహా ఇచ్చి పంపినా ఇంతే. ఈ విధానంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. “మందు అక్కర్లేదు” అన్న తీర్పుకూ విలువ కట్టారు.

అయినా రాసేవాడూ అమ్మేవాడూ ఒకే కౌంటర్ వెనక ఉన్నప్పుడు ఒత్తిడి ఉంటుంది. నేను పనిచేసిన ఒక పెద్ద గొలుసు ఫార్మసీ సంస్థలో వారానికి ఇన్ని అసెస్‌మెంట్లు కావాలని లెక్క పంపేవాళ్లు. లెక్క తగ్గితే మేనేజరు ఫోను వచ్చేది. ఇలాంటి ఒత్తిళ్ల మీద 2024లో కాలేజీయే ఫార్మసిస్టులను అడిగి తెలుసుకుంది. మీకు అలాంటి ఫోను వస్తే, ఆ రోజు మీరు ఎవరెవరిని రాయకుండా పంపారో, ఎందుకో, చూపించండి. అందుకే కారణం రాసిపెట్టుకోవాలి. ఇంకొకటి, ప్రిస్క్రిప్షన్‌ను ఏ ఫార్మసీలోనైనా తీసుకోవచ్చని రోగికి చెప్పడం మీ విధి. మొహమాటం లేకుండా చెప్పండి.

9. వాట్సాప్ ఫొటోకు మందు రాయకండి.

బతుకమ్మ ఆటలోనో, ఉగాది సంబరంలోనో, గుడిలో ప్రసాదం దగ్గరో ఎవరో చొక్కా చేయి పైకెత్తి మచ్చ చూపిస్తారు. రాత్రి పదకొండింటికి పిల్లవాడి కంటి ఫొటో వస్తుంది. మనవాళ్ల ప్రేమ అలాంటిది. కానీ కళ్లకలక అని పంపిన ఫొటోలో వెలుతురు చూడలేకపోతున్నాడా, చూపు మసకబారిందా, కాంటాక్ట్ లెన్సు పెట్టుకుంటాడా అన్నది కనపడదు. వీటిలో ఏది ఉన్నా అదే రోజు కంటి డాక్టరు చూడాలి.

దూరం నుంచి చూడడానికి ఒంటారియో ఒప్పుకుంటుంది. అయితే దానికి పద్ధతి ఉంది: రోగి ఎవరో తేల్చుకోవాలి, సమ్మతి ఉండాలి, రికార్డు ఉండాలి. సొంతవాళ్లకు రాయడాన్ని కాలేజీ, అత్యవసరం లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప, వద్దనే అంటుంది. నేను “రేపు పొద్దున ఫార్మసీకి తీసుకురండి, నేనో మా వాళ్లో చూస్తాం. ఈ రాత్రి ఫలానా గుర్తులు కనిపిస్తే ఎమర్జెన్సీకి వెళ్లండి” అని మాత్రం చెబుతాను.

10. రాసింది రికార్డులో ఉండాలి, మాట ఫోనులో ఉండాలి.

ఏం అడిగారు, ఏం విన్నారు, ఏది కాదని తేల్చారు, ఎందుకు ఈ మందు, ఎన్నాళ్లు, ఎప్పుడు తిరిగి చూస్తారు. ఇవన్నీ తరవాత ఎవరు చదివినా అర్థమయ్యేలా రాయండి. కుటుంబ డాక్టరు ఉంటే తెలియజేయండి. లేకపోతే ఒక ప్రతి రోగి చేతికే ఇచ్చి దాచుకోమనండి.

మూత్రంలో మంటకు మందు రాసినవాళ్లకు రెండు మూడు రోజుల్లో ఫోను చేయండి. తగ్గకపోతే వేరే మందు రాయడానికి మీరు తొందరపడొద్దు, అప్పుడు మూత్రపరీక్ష కావాలి, డాక్టరు కావాలి. ఈ ఫోనులే మీకు అసలైన చదువు. మీ తీర్పు సరైందో కాదో చెప్పే పాఠ్యపుస్తకం ఇంకెక్కడా లేదు. ఆస్పత్రుల్లో పనిచేసే డాక్టర్లకు ఆ ఫలితం రౌండ్లలో కళ్లముందు కనిపిస్తుంది. మనకు మనం వెతుక్కుంటేనే తెలుస్తుంది.

11. ఇంకా ఏం ఉండాలని నా కోరిక.

ఒంటారియోలో మందు రాసే మొదటి అధికారం 2012లో వచ్చింది, పొగతాగడం మాన్పించే మందులకు. అప్పుడే ఫ్లూ టీకా వేసే అధికారమూ వచ్చింది. టీకాకు మాత్రం గుర్తింపున్న కోర్సు చేయాలి, ప్రథమ చికిత్స, సీపీఆర్ సర్టిఫికెట్లు ఉండాలి అన్నారు. సూది గుచ్చడానికి అంత అడిగినవాళ్లు, పసిబిడ్డ చర్మం చూసి యాంటీబయాటిక్ నిర్ణయించడానికి ఎవరి ఎదుటా ఒక్క కేసైనా చూడమని అడగకపోవడం నాకు సమ్మతం కాదు. కొత్తగా లైసెన్సు తీసుకున్న ప్రతి ఒక్కరూ మొదటి ఏడాదిలో అనుభవమున్న ఫార్మసిస్టు పక్కన కూర్చుని కొన్ని కేసులు చూడాలి, ఆల్బర్టాలో లాగా వాటిని రాసి ఎవరికైనా చూపాలి. కాలేజీ అభిప్రాయాలు అడిగినప్పుడల్లా నేను ఇదే రాసి పంపుతున్నాను. మీరూ పంపండి.

ఆ నియమం వచ్చేదాకా ఆగక్కర్లేదు. మీకు తెలిసిన సీనియర్ ఎవరైనా ఉంటే అడగండి. నన్ను అడిగినా సరే. ఇక్కడి జబ్బులకు రుతువులు ఉన్నాయి, వాటి ప్రకారం మొదలుపెట్టండి. ఏప్రిల్‌లో పుప్పొడి అలర్జీలు, పిడుదులు మొదలవుతాయి, కాబట్టి మార్చిలోనే ఆ రెండూ చదివి ఉంచుకోండి. ఎండాకాలానికి పురుగుకాట్లు, ఇంపెటిగో. బడులు తెరిచే సెప్టెంబరుకు కళ్లకలక, నులిపురుగులు. చలి ముదిరేసరికి ఎగ్జిమా. మూత్రంలో మంట, ఛాతీ మంట మాత్రం పన్నెండు నెలలూ వస్తాయి, కనుక వాటిని అన్నిటికంటే ముందు పెట్టుకోండి.